ఒలెక్సీ గారి మోకాలు

హలో… ఆయ్, నేనేనండీ, ఆంజనేయప్రసాద్‌ని. బుచ్చిరాజు గారేనా…

సన్మానపత్రం ఇప్పుడే అందిందండీ. రెండుసార్లు చదివేను. సాయంత్రం సభలో నేను చదవాల్సింది ఇదేనా?…

గొంతుకేం, బానే ఉంది. కాగితమే బాలేదు.

'మూడు వందల గోల్స్' అని వేసేరు. ఒలెక్సీ గారు కొట్టింది ముప్పై ఒకటండీ. పదకొండేళ్లు చిన్న చిన్న క్లబ్బులకి ఆడేరు. ఉక్రెయిన్ జట్టులో ఒక్కసారీ లేరు…

ఆయనే చెప్పేరు. అమలాపురం పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడానికొచ్చి, వారంగా మా ఇంట్లోనే కదా ఉంటున్నారు. మా అమ్మాయి ప్రియాంక ఇంగ్లీషులో అడిగి నాకు చెబుతూంటుంది…

సరే, ఆ లెక్క వదిలేద్దాం. మొన్న హెడ్మాస్టారు గారిని బృహస్పతి అన్నారు, నేనే చదివేను. దేవుడు నవ్వుకుని ఊరుకుంటాడు…

అది కాదండీ, కింద చూడండి. 'యుద్ధభూమిలో మోకాలు అర్పించిన వీరుడు'. ఇదెవరు రాసేరు?…

మీరేనా.

ఆ మోకాలు ఆటలో పోయిందండీ. గోల్‌కీపర్‌ని గుద్దుకుని. అప్పటికి యుద్ధమే లేదు.

యుద్ధానికి వెళ్లింది ఆయన తమ్ముడు. కాలు తెగి, ఆరో రోజున పోయేడట. నిన్న నేను దేవుడి దగ్గర దీపం పెడుతుంటే, ఇంకొకటి పెట్టొచ్చా అని అడిగేరాయన. తమ్ముడి పేరు చెప్పుకుని వెలిగించేరు…

ఆ గాయం తెచ్చి అన్నకి అతికిస్తారా? మీకు తెలీక రాసేరనుకున్నాను…

తెలిసే రాసేరా.

జనం చప్పట్లు కొట్టాలని… ఛీ. క్షమించండి, పెద్దవారు. కానీ ఇది తప్పండీ…

ముప్పై ఒక్క గోల్స్ కొట్టిన మనిషికి శాలువా కప్పకూడదా? కుంటుతూనే మన పిల్లలతో పరిగెడుతున్నారు, అది చాలదా?…

లేదండీ, నేను చదవను.

ఆయనకి తెలుగు రాదా… అవును, రాదు. దేవుడికి వచ్చు కదండీ…

మీరే చదువుతారా? మీ ఇష్టం. అయితే ఇందులో ఏముందో ఆయనకి ముందే చెబుతాను. సభకి రావాలో వద్దో ఆయనే చూసుకుంటారు…

దాచమంటారా? నా ఇంట్లో తింటున్న మనిషి దగ్గరా?…

హలో… బుచ్చిరాజు గారూ…

ప్రియాంకా, పెట్టేసేరమ్మా. ఇలా రా. ఇది ఆయనకి ఇంగ్లీషులో ఎలా చెబుతావే?