నూట ఇరవై

చెన్నై పొలిమేరలో ఒక థీమ్ పార్కు. అన్నిటికన్నా ఎత్తైన రోలర్ కోస్టర్ ముందు పొడుగాటి క్యూ. అందులో పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు విజయకుమార్, అతని తల్లి చెంగమ్మ, తండ్రిని 'నైనా' అని పిలిచే ఏడేళ్ళ కూతురు సునయన.

"నైనా, క్యూ కదిలింది. ముందుకు రా."

"వస్తా ఉండాను గదమ్మా. ఏం తొందర? రైలా, పోయేదానికి?"

"రైలే! రైలు మాదిరే ఉంటుందని నువ్వే చెప్పినావు. మీ ఫ్యాక్టరీ బోగీ మాదిరి చక్రాలు కూడా ఉంటాయని."

"చక్రాలు ఉంటాయి. కానీ మా బోగీలు తలకిందులుగా పోవు సునూ. పోతే మమ్మల్ని ఇంటికి పంపించేస్తారు."

"అవ్వా, చూడు చూడు! తలకిందులైంది! అందరి కాళ్ళూ ఆకాశంలో!"

"చూసినా తల్లీ. ఆ అరుపులేందిరా విజయా, ఎవురినో కోస్తా ఉన్నట్టు?"

"సంతోషంమా. సంతోషం వస్తే అట్లా అరుస్తారు."

"మరి నీ మొగం ఎందుకు అట్లా ఉంది?"

"ఎట్లా ఉంది? ఎండ. ఎండకి అట్లా ఉంది. సునూ, నీళ్ళ దగ్గరికి పోదామా? అమ్మ, తమ్ముడు ఆడనే ఉండారు గదా. అలలు వస్తాయంట, జోరుగా..."

"పొద్దున్నించి మూడు తడవలు పోయినాం నైనా."

"అయితే ఏమన్నా తినేసి వద్దాం. ఖాళీ కడుపుతో ఇట్లాంటివి ఎక్కకూడదు."

"ఇప్పుడే గదా రెండు మసాలా దోసెలు తిన్నావు!"

"అదీ నిజమే. తిన్న కడుపుతో అసలు ఎక్కకూడదు."

"ఒరేయ్, ఏదో ఒకటి చెప్పురా. ఖాళీ కడుపా, నిండు కడుపా?"

"నువ్వు ఊరికె ఉండుమా. సునూ, ఆ మూడో స్తంభం చూసినావా? బోల్టు దగ్గర రంగు పోయింది. వెల్డింగు కూడా నాకి నచ్చలా."

"నచ్చేదానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా?"

"అవ్వా, నైనాకి భయమా?"

"భయమా? నాకా? మీ నైనా ఎవరు సునూ? చెప్పు."

"సీనియర్ ఇన్‌స్పెక్టర్."

"ఆఁ. నేను సంతకం పెట్టకుండా ఒక్క బోగీ గేటు దాటుతుందా?"

"దాటదు."

"మరి? అట్లాంటోడికి ఈ బొమ్మ రైలంటే భయమా?"

"మరి నీ చెయ్యి ఎందుకు ఇంత తడిగా ఉంది?"

"చెమట. మెడ్రాసులో చెమట పట్టకుండా ఉంటుందా?"

"అవ్వ చెయ్యి పొడిగా ఉందే."

"అవ్వది వేరే ఒళ్ళు."

"నా ఒంటిని ఎందుకురా మధ్యలోకి లాగుతావు? బిడ్డకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. సునూ, మీ నైనా ఆరో క్లాసు చదివేటప్పుడు ఎగ్జిబిషన్‌కి పోయినాం. జెయింట్ వీల్ ఎక్కినాం..."

"అమ్మా! ఇప్పుడు అది అవసరమా?"

"అది పైకి పోయి నిలిచింది. అంతే, మీ నైనా..."

"అమ్మా, ప్లీజ్!"

"...'దించండి, దించండి, మా అమ్మకి నేను ఒక్కడే బిడ్డ' అని ఊరంతా వినబడేటట్టు అరిచినాడు. ఆ అమ్మ యాడ ఉంది? పక్కనే కూర్చోని ఉండాను! పాపం, ఆ చక్రం తిప్పేటోడు వెనక్కి తిప్పి దించినాడు."

"అప్పుడు నాకి పదకొండేళ్ళుమా."

"తర్వాత ఎప్పుడన్నా ఎక్కినావా?"

"టైము యాడ ఉంది? ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు..."

"మేడ మీద నీళ్ళ ట్యాంకు చూసేదానికి కూడా నీ పెండ్లామే గదా ఎక్కేది."

"నువ్వు పోయి ఆ బెంచీ మీద కూర్చోమా. కాళ్ళు లాగుతా ఉన్నాయన్నావు గదా?"

"నాకేం లాగలేదు. ఇది నేను చూసి తీరాల."

"నైనా... పోయిన సంవత్సరం నన్ను ఈడనే ఆపేసినారు గదా?"

"ఆపినారు. ఇల్లు చేరేదాకా ఏడ్చినావు."

"అప్పుడు నూట పదిహేను సెంటీమీటర్ల ఎత్తే ఉండాను. నూట ఇరవై ఉంటేనే వదులుతారంట. అందుకే దినామూ పాలు తాగినా. కమ్మీ పట్టుకోని వేలాడినా. రాగిసంగటి కూడా తిన్నా! ఈ తడవ మా నైనా పక్కన కూర్చోని పోతానని నా ఫ్రెండు జెబకి చెప్పేసినా. జెబ క్లాసంతా చెప్పేసింది."

"క్లాసంతానా?"

"టీచర్ కూడా చప్పట్లు కొట్టింది."

"టీచర్ కూడానా... సరి."

"ఈ తడవ వదులుతారు గదా నైనా?"

"వదులుతారు. వదలాల. కొలిచింది నేను గదా. నెలకి ఒక తడవ, స్టీలు టేపుతో. బీరువా పక్కన గీత గీసి, తేదీ వేసి, సంతకం పెట్టి..."

"పెండ్లాం కొత్త చీర కట్టుకుంటే కన్నెత్తి చూడడు. బిడ్డ ఎత్తుకి మాత్రం సంతకం!"

"కొలత అంటే కొలతేమా. పోయిన ఆదివారం నూట ఇరవై ఒకటిన్నర. ఒకటికి రెండు తడవలు చూసే సంతకం పెట్టినా. అయినా చూద్దాం... వాళ్ళ కొలత వాళ్ళది."

"ఏందిరా, అప్పుడే గొంతు మారింది?"

"క్యూ కదిలిందిమా. పద."

"వాంగ సార్, వాంగ... ఓ, మీరు తెలుగా సార్? రండి రండి. మాదీ తెలుగే, చింతాద్రిపేట. నా పేరు ఆంటో. ఈ రైడుకి నేనే ఆపరేటర్ని."

"సంతోషం తమ్ముడూ. ఒక మాట అడగాల. ఇది ఎప్పుడన్నా మధ్యలో నిలిచిందా?"

"లేదు సార్."

"ఒక్క తడవ కూడానా?"

"ఒక్క తడవ కూడా లేదు సార్."

"నిలవాల్సిన అవసరం వస్తే?"

"అవసరం రాదు సార్. రా పాపా, చెప్పులు విడిచి ఈ కమ్మీకి ఆనుకోని నిలబడు."

"మంచిగా చూడు ఆంటో. ఒక సంవత్సరంగా కాచుకోని ఉంది బిడ్డ."

"చూస్తా అవ్వా... కదలొద్దు పాపా... నూట పద్దెనిమిది. సారీ సార్. నూట ఇరవై ఉంటేనే వదలాల."

"ఎంతా?"

"నూట పద్దెనిమిది సార్."

"అయ్యో! అయ్యో పాపం! ఏం చేస్తాం, రూలంటే రూలు. పద సునూ, పద పద, ఐస్‌క్రీమ్ తిందాం..."

"ఒరేయ్, నిలువు. నూట ఇరవై ఒకటిన్నర అన్నావే?"

"అన్నా."

"సంతకం కూడా పెట్టినావే?"

"పెట్టినా."

"ఆదివారం నుంచి ఈ పొద్దుకి బిడ్డ అరిగిపోయిందా?"

"ఇంట్లో కొలిస్తే కొంచం జాస్తిగా వస్తుంది అవ్వా. అందరూ ఇట్లనే చెప్తారు. గుడ్డ టేపు గదా, సాగుతుంది."

"గుడ్డ టేపా? ఎవురిది గుడ్డ టేపు? తమ్ముడూ, ఇరవై రెండేళ్ళుగా కొలత పనిలో ఉండాను నేను. నా టేపుకి సర్టిఫికేట్ ఉంది. నీ కమ్మీకి ఉందా?"

"ఇది మేనేజ్‌మెంట్ పెట్టింది సార్."

"పెడితే? నేల సమంగా ఉందా, చూసినారా? కమ్మీ నిలువుగా ఉందా? ఎన్ని నెలలకి ఒక తడవ చెక్ చేస్తారు? రిజిస్టర్ యాడ?"

"పోదాం నైనా."

"నువ్వుండు సునూ. ఇది నా సంతకం సంగతి. అర మిల్లీమీటరు తేడా ఉందని బోగీని వెనక్కి పంపినోణ్ణి నేను. మూడున్నర సెంటీమీటర్లంట! నవ్వుతారు!"

"విజయా, అసలు నీకి ఏం కావాలరా? బిడ్డ ఎక్కాల్నా, ఎక్కకూడదా?"

"రెండూ... అదిగాదుమా. కొలత సరిగా ఉండాల. అంతే."

"సార్, వెనక జనం అరుస్తా ఉండారు. కావాలంటే ఇంకో తడవ కొలుస్తా. మీరే దగ్గరుండి చూసుకోండి. నూట ఇరవై వచ్చిందంటే మీరిద్దరూ నేరుగా ముందు సీట్లోకి పోవచ్చు. ఇప్పుడు అదే ఖాళీ."

"ముందు సీటా?"

"ఆమా సార్. అన్నిటికన్నా ముందు. ఎదురుగా ఏమీ అడ్డం ఉండదు. కింద నేలంతా మీకే కనిపిస్తుంది."

"నేలంతానా..."

"ఏరా, కొలవమను మరి."

"అదిగాదుమా. చిన్నోడు, పాపం. మన కోసం రూలు తప్పితే రేపు అతని ఉద్యోగానికి ఏమన్నా..."

"కొలిస్తే ఉద్యోగం పోదు సార్. రా పాపా."

"వద్దు అంకుల్."

"ఎందుకు పాపా? ఒక్క నిమిషం."

"వద్దు. నేను పొట్టిగానే ఉండాను. నైనా, పోదాం రా. వచ్చే సంవత్సరం చూద్దాం."

"ఇదోమా, ఐస్‌క్రీమ్ పట్టుకో. చూసినావా, ఎంత మంచి బిడ్డ! ఏడవనే లేదు."

"అదే నాకి అర్థం కాలేదు. పోయిన సంవత్సరం పార్కంతా ఒకటి చేసింది."

"పెద్దదైందిమా, అంతే. బుద్ధి వచ్చింది. ఇదో, ఈ బెంచీ మీద కూర్చుందాం. నీడగా ఉంది. తిను సునూ, ఐస్‌క్రీమ్ కరిగిపోతా ఉంది."

"తింటా ఉండా."

"ఇంకొకటి కావాల్నా? పీచుమిఠాయి?"

"వద్దు."

"పోనీ, ఆ చిన్న రైలు ఎక్కుదామా? అది నేల మీదనే పోతుంది, మంచిగా, గంట కొట్టుకుంటా..."

"అది తమ్ముడికి నైనా."

"నా మీద కోపమా?"

"లేదే."

"మరి ఎందుకు ఆ పెద్దదాన్నే చూస్తా ఉండావు?"

"చుమ్మా. ఊరికె చూస్తా ఉండా. జెబకి ఏం చెప్పాలా అని."

"నేను ఫోన్ చేసి చెప్తాలే. కమ్మీ తప్పు అని."

"సరి."

"టీచర్‌కి కూడా చెప్తా."

"సరి నైనా."

"విజయా, బిడ్డకి చెప్పేయరా. లోపల పెట్టుకోని ఎంతసేపు నలుగుతావు? నీ ఐస్‌క్రీమ్ కూడా చొక్కా మీద కారుతా ఉంది."

"ఏం చెప్పాల్మా?"

"నీకి తెలీదా?"

"సునూ... ఇట్లా చూడు. నాకి భయం. అవ్వ చెప్పింది నిజమే. నీకి మాట ఇచ్చేసినా, ఎట్లా తప్పించుకోవాల్నో తెలియలా. వారం దినాలుగా ఇదే ఆలోచన. వాన పడితే బాగుండు, కరెంటు పోతే బాగుండు అని."

"అందుకేనా పొద్దున ఆకాశం చూసి దండం పెట్టినావు?"

"అందుకే. ఆంటో నూట పద్దెనిమిది అన్నాడు చూడు, అప్పుడు నాకి సంతోషం అయిందమ్మా. నీ మొగం కూడా చూడలా. అమ్మయ్య అనుకున్నా. నువ్వు సంవత్సరమంతా పాలు తాగి, వేలాడి పెరిగినావు. నేను రెండు నిమిషాలు ధైర్యంగా కూర్చోలేకపోయినా. సిగ్గుగా ఉంది తల్లీ."

"పరవాలేదు నైనా."

"పరవాలేదని చెప్పొద్దు. తిట్టు."

"తిట్టను. నాకి బొద్దింక అంటే భయం గదా, నువ్వు తిట్టినావా?"

"బిడ్డకి ఉన్న బుద్ధి నీకి లేదురా విజయా. సరి, చెప్పేసినావు, అయిపోయింది. కానీ నాకి ఒకటి అర్థం కావాల. ఇరవై రెండేళ్ళ కొలత ఎట్లా తప్పింది?"

"అదే నాకీ తెలియలామా. ఆంటో కొలిచేటప్పుడు నేను బిడ్డ వైపు చూడనే లేదు. పైన అరుస్తా ఉన్నోళ్ళనే చూస్తా ఉండాను. నా టేపులోనే తేడా ఉందేమో. సోమవారం పోతానే దాన్ని చెక్‌కి పంపాల. నేను తప్పు సంతకం పెట్టినానంటే... నాకి అదే మనసు ఒప్పుకోలా."

"నీ సంతకం తప్పు కాదు నైనా. నేనే మోకాళ్ళు వంచి నిలబడినా."