చిన్న పడవల కోసం ఉండిపోయినవాడు

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టర్ హోకన్ గారికి, మా మోలోయ్ రేవు పెద్దలకు, చేపల వేటకు వెళ్లాల్సిన ఈ పూట పడవలు కట్టేసి మరీ వచ్చిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని నా వంక అనుమానంగా చూస్తున్న సిగ్రున్‌కు నమస్కారం. కంగారు పడకు సిగ్రున్, మీ ఆయన ఒడ్వార్‌ని పొగడడానికే వచ్చాను. (నవ్వులు)

నా పేరు టూరిడ్. ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న ఒడ్వార్, నేను ఒకప్పుడు ఈ రేవులోనే ఒక చిన్న కంపెనీ పెట్టామని కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు. ఒడ్వార్ తమ్ముడు ఒంటరిగా వేటకు వెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ తర్వాతే, నీళ్లలో పడ్డ మనిషి ఎక్కడున్నాడో చుట్టుపక్కల పడవలకు తెలియజేసే పరికరం, చొక్కాకు తగిలించుకునేంత చిన్నది, మేమిద్దరం తయారుచేశాం. దాన్ని పరీక్షించడానికి చలినీళ్లలో దూకింది మాత్రం నేనే, ఎందుకంటే ఈ మహానుభావుడికి ఈత రాదు. (నవ్వులు)

మా పరికరానికి పేరొస్తున్న రోజుల్లోనే, హోకన్ గారూ, మీ కంపెనీ మమ్మల్ని కొంటామని కబురు పెట్టింది. నాకు ఇష్టం లేదు. మెల్లగానైనా మనమే పెంచుకుందామన్నాను. ఒడ్వార్ మా వంటింట్లో కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అన్నాడు:

"మనం చేస్తే ఈ తీరం వరకే, టూరిడ్. వాళ్లు చేస్తే దేశదేశాల ఓడలకు వెళ్తుంది. ఎవరి తమ్ముడో ఒకడు బతుకుతాడు."

"మరి మన పడవల సంగతి?"

"నేను ఆ కంపెనీ లోపలే ఉంటాగా. చూసుకుంటాను."

తమ్ముడి మాట వచ్చాక ఇంకేం వాదించను? సంతకం పెట్టాను.

ఆయన అన్నట్టే జరిగింది. పెద్ద ఓడల మీద ఎందరో బతికి ఇళ్లకు చేరారు. అది చిన్న విషయం కాదు, దానికి కంపెనీవారికి మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. కాని కొన్నేళ్లకే, గిట్టుబాటు కావడం లేదంటూ పెద్ద ఓడల పరికరాన్ని మాత్రం ఉంచి, చిన్న పడవల రకం తయారీని ఆపేశారు. నేను ఆ ఉద్యోగం వదిలి బయటికొచ్చేశాను. ఒడ్వార్ ఉండిపోయాడు. ఏటా ఓస్లోలోని కంపెనీ ప్రధాన కార్యాలయానికి వెళ్లి, దాన్ని మళ్లీ మొదలుపెట్టమని అడిగేవాడు, ఏటా వాళ్లు మంచి భోజనం పెట్టి పంపేవారు. తల దించుకోకండి హోకన్ గారూ, దాన్ని ఆపేసినప్పటికి మీరింకా రాలేదు. పాత పరికరం పాడైతే ఒడ్వార్ ఇంటికి పట్టుకెళ్లి బాగుచేయించుకున్నవాళ్లు చేతులెత్తండి. (సగం సభ చేతులెత్తింది) చూశారా, సెలవు రోజులన్నీ ఆయనకు అలాగే గడిచాయి.

మొన్న వాళ్లింటికి వెళ్లి, ఇక నీ మీద ఎవరి పెత్తనమూ ఉండదు కదా, మళ్లీ మొదలుపెడదాం రమ్మన్నాను. ఆయన రెండు చేతులూ బల్ల మీద చాపి చూపించాడు. వణుకుతున్నాయి.

"పదేళ్ల కిందట అడగాల్సింది" అన్నాడు.

"అప్పుడైతే వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ణి కాదు. ఇంకో ఏడాది ఉంటే కంపెనీవాళ్లను ఒప్పించగలననే అనుకునేవాణ్ణి."



అమ్మకపోయి ఉంటే మా కంపెనీ నిలిచేదో, మూతపడేదో నాకు తెలియదు. నా దిగులు అది కాదు. కొత్తది తయారుచేయడం ఇంత బాగా తెలిసిన మనిషి జీవితం అడగడంలోనే గడిచిపోయిందే అని.

ఒడ్వార్, నీతో కలిసి పనిచేసిన ఆ కొద్ది ఏళ్లే, నేను పొద్దున్నే ఇష్టంగా నిద్ర లేచిన ఏళ్లు. ఈ నాలుగు మాటలు చెప్పనిచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.