ఐరన్ ర్యాంకు

భిలాయి వైశాలి నగర్‌లోని సొంత ఇంట్లో, సాయంత్రం టీ గ్లాసు చేత్తో పట్టుకుని, కూతురు పద్మశ్రీ గది గుమ్మంలో నిలబడ్డాడు ఉక్కు కర్మాగారం రైల్ మిల్లులో క్రేన్ నడిపి రిటైరైన నూకరాజు. లోపలికి రమ్మని ఆమె అనలేదు, ఆయన రాలేదు.

“అది కాదమ్మా, గెలిస్తే పన్నెండు పాయింట్లిచ్చి, ఓడితే పాతిక పీకేస్తాదేటి? ఇదేం లెక్క?”

“ఎవరికి నాన్నా?”

“ఎవరికేటి... మా మిల్లు చిన్నారావుకి. నువ్వు ఫోన్లో ఆడే తుపాకుల ఆటే వాడూ ఆడతన్నాడు. ‘మీ పద్మనడిగి రా’ అన్నాడు.”

“చిన్నారావు అంకులా? ఆయనకి ఫొటో పంపడమే రాదు కదా.”

“నేర్చుకున్నాడులే. రిటైరయ్యాక మరేటి సేస్తాడు? నువ్వు సెప్పు.”

“మనకి కనబడే బ్యాడ్జి ఒకటి. లోపల ఇంకో నంబరుంటుంది, అది ఎవరికీ చూపించరు. అసలు రేటు అదే. బ్యాడ్జి ఆ నంబరు కన్నా పైకెళ్ళిపోయిందనుకో, గెలిచినా కొంచెమే ఇస్తుంది, ఓడితే ఎక్కువ లాక్కుంటుంది. మత్లబ్, నీ చోటు ఇది కాదు, కిందికి పో అని.”

“ఆ మాటేదో మొహమ్మీదే సెప్పొచ్చు కదా.”

“చెప్పదు. లాక్కుంటూ పోతుంది, బస్, అంతే.”

“దొంగ ఆట.”

“దొంగేం కాదు నాన్నా. నీకంటే గట్టివాణ్ణి కొడితే ఎక్కువిస్తుంది. నీకంటే చెత్తవాడి చేతిలో చస్తే ఎక్కువ కోస్తుంది. అలా కోస్తూ ఇస్తూ ఎవరెక్కడుండాలో అక్కడ కూచోబెడుతుంది. ఇంతకీ అంకుల్ ఏ ర్యాంకు?”

“ఐరన్ అన్నాడు.”

“ఐరనా!”

“నవ్వుతావేటే?”

“అన్నింటికన్నా కింద అదే. ఐరన్, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్, ఆ పైన క్రౌన్. నాది క్రౌన్.”

“ఇనుము అన్నింటికన్నా కిందేటి? ఈ ఊరంతా దాని మీదే కదా అన్నం తింటంది.”

“ఆట తయారుచేసినవాళ్ళు భిలాయి చూసుండరు.”

“అది సరే, వాడు రోజూ ఆడతన్నాడమ్మా. కళ్ళజోడు మార్చుకుని మరీ ఆడతన్నాడు. అంత కష్టపడితే కొంచెం కూడా పైకి రాడేటి?”

“కష్టపడ్డావని మార్కులెయ్యరు. ఈ మాట నువ్వే అనేవాడివి.”

“అనుంటాను. అయితే ఆ లోపలి నంబరు ఎప్పటికీ మరిచిపోదా? కొత్తగా మొదలెట్టుకోడానికుండదా?”

“సీజన్ మారినప్పుడు బ్యాడ్జి తుడిచేస్తారు. నంబరు మాత్రం పోదు. నువ్వెవరో దానికి గుర్తే.”

“ఇంకోటి. లక్షలమంది ఆడతారంటావు కదా. మరి వాడికి రోజూ ఒకడే తగులుతాడేటి? ఎక్కడ దాక్కున్నా అక్కడికే వస్తాడు, ఆ ఒక్కడే.”

“అంకుల్‌కా?”

“ఆ, వాడికే.”

“మామూలే. దగ్గర దగ్గర నంబరున్నవాళ్ళనే ఆట కలుపుతుంది. ఐరన్ అడుగున, సాయంత్రం పూట, మన వైపు ఆడేవాళ్ళు కొంతమందే. ఇద్దరూ ఒకే టైముకి బటన్ నొక్కితే తరచూ ఒకేచోట పడతారు.”

“కానీ ఆ తగిలేవాడు ఐరన్ కాడే. సూస్తే తెలుస్తాది. గురి తప్పడు. అలాటోడు అడుగునెందుకుంటాడు?”

“స్మర్ఫ్ అయ్యుంటాడు.”

“అదేటి?”

“పెద్ద ర్యాంకువాడు వేరే పేరుతో ఇంకో అకౌంట్ తెరిచి కిందికొస్తాడు. అక్కడ అందర్నీ కొడతాడు. నంబరు పెరిగిపోతే పైకెళ్ళిపోవాలి కదా, అందుకని మధ్యమధ్యలో కావాలని ఓడిపోతుంటాడు. దాన్ని స్మర్ఫ్ అంటారు. నాకూ ఉంది అలాంటి అకౌంట్.”

“నీకా?”

“హా. ఒక ముసలాడున్నాడు అక్కడ. వాడి కోసం దిగుతాను. పొద్దున ఎవరెవరి చేతిలోనో ఊరికే చచ్చి నంబరు దించుకుంటాను, సాయంత్రం వాడికి తగులుతాను.”

“ముసలాడని ఎలా తెలుసు?”

“ఆడే తీరు. తన టీమ్‌లో ఎవరైనా దెబ్బతిని పడిపోయారనుకో, మిగతావాళ్ళంతా పారిపోతారు, వీడొక్కడు వెనక్కొచ్చి లేపుతాడు. అది కనిపెట్టాను. ఇప్పుడేం చేస్తానంటే, ఎవణ్ణో ఒకణ్ణి కొట్టి, చంపకుండా వదిలేస్తాను. వీడొస్తాడు. లేపడానికి వంగుతాడు. అప్పుడు కొడతాను.”

“అయ్యో.”

“ప్రతిసారీ వస్తాడు నాన్నా! ఎన్నిసార్లు చచ్చినా రావడం మానడు. పైగా చచ్చాక చాట్‌లో ‘గుడ్ షాట్ బేటా’ అని రాస్తాడు. అది స్క్రీన్‌షాట్ తీసి మా టీమ్ గ్రూపులో పెడితే పడీపడీ నవ్వారు. అనిరుధ్ దాన్ని స్టిక్కర్ కూడా చేసాడు. ఎవరైనా చెత్తగా ఆడితే ఇప్పుడందరూ అదే పెడుతున్నారు.”

“పేరేటి... ఆ ముసలాడి పేరు?”

“ఏదో ఉంది. టీ చల్లారిపోతోంది చూడు.”

“తాగుతాను. వాడు నీకేటి సేసాడమ్మా?”

“ఐరన్‌వాడు నన్నేం చేస్తాడు?”

“మరి వదిలెయ్యొచ్చు కదా. వాడి మానాన వాడు ఒక మెట్టెక్కుతాడు.”

“ఎందుకెక్కాలి?”

“ఎందుకేటి... ఇంట్లో పిల్లలుంటారు. కాస్త పైకొచ్చాక, నన్నూ మీ జట్టులోకి రానియ్యండర్రా అని అడగాలనుకున్నాడేమో.”

“ఐరన్‌వాడు క్రౌన్‌వాళ్ళ జట్టులో ఆడలేడు. ఆటే ఒప్పుకోదు. తేడా ఎక్కువుంటే జట్టులో కలిసే బటనే పనిచెయ్యదు.”

“తెలుసమ్మా. నొక్కి సూసాను.”

“నువ్వా? అంకుల్ కదా ఆడేది?”

“అదే... వాడు నొక్కి సూసాడు. నేను పక్కనున్నాను.”

“అచ్ఛా.”

“పద్మా.”

“చెప్పు.”

“చిన్నారావుకి ఏ ఆటా రాదే.”

“ఊఁ.”

“అది నేనే. మేడ మీద కూకుని ఆడేది నేనే. నువ్వేటి, అన్నం కాడ కూడా మాటాడవు. ఏటడిగినా ఊఁ, ఆఁ, అంతే. ఆ ఆటలో మటుకు చెవులకి అవి తగిలించుకుని ఒకటే నవ్వు. గోడవతల్నించి వింటాను రోజూ. నేనూ అందులోకొస్తే నాతోనూ అలాగ నవ్వుతావేమోననుకున్నాను. కాస్త నేర్చుకున్నాక సెబుదామని దాసాను.”

“ఊఁ.”

“ఆ బేటా అని రాసేది నేనేనమ్మా. పోనీలే. నువ్వు బాధపడకు. నీకేటి తెలుసు, తెలీక కొట్టావు. తెలీక సేసిందానికి నేనేటీ అనుకోను...”

“తెలుసు నాన్నా.”

“ఏటి తెలుసు?”

“నువ్వేనని. మొదటి రోజే తెలుసు. ‘రైల్‌మిల్ రాజు’ అని పేరు పెట్టుకుంటే ఇంకెవరనుకోవాలి?”

“తెలిసేనా?”

“ఆ అకౌంట్ తెరిచిందే నీ కోసం. అంతకుముందు నేనెప్పుడూ కిందికి దిగలేదు.”

“ఎందుకే? నేనేటి సేసాను?”

“టెన్త్ రిజల్ట్స్ వచ్చాక, పవర్ హౌస్ స్టేషన్ దగ్గర హాల్లో తెలుగువాళ్ళ ఫంక్షన్. మా క్లాసు కల్యాణిని స్టేజి మీదికి పిలిచారు, కనకరత్నం అంకుల్ కొడుకుని పిలిచారు, మెడల్సిచ్చారు. తర్వాత నీకు మైకిచ్చారు. ఏమన్నావు?”

“ఏటన్నాను? ఎప్పటి మాటో అది.”

“‘మా పద్మకి మెడలెందుకండీ, కుర్చీలు సర్దడానికి పనికొస్తాది’ అన్నావు. హాలంతా నవ్వింది. అందరికన్నా ముందు నువ్వే నవ్వావు.”

“తమాషాకనుంటానే.”

“సర్దాను. కొత్త డ్రెస్‌లో, ఆ హాల్లో కుర్చీలన్నీ నేనే సర్దాను. నువ్వు చూస్తూ నిలబడ్డావు. ఆ రోజునుంచీ ఇంటికి ఎవరొచ్చినా ‘మా కుర్చీ’ అని చూపించేవాడివి నన్ను. మామయ్యవాళ్ళకి, మీ మిల్లువాళ్ళకి, అక్క దగ్గరికి ట్యూషన్‌కొచ్చే పిల్లలకి కూడా. ‘కుర్చీ, మంచినీళ్ళు తే.’ ”

“నాకు గుర్తే లేదమ్మా. ఒట్టు.”

“నీకెందుకుంటుంది?”

“సరేనే. తప్పే. పెద్ద తప్పే. ఏటి సెయ్యమంటావు ఇప్పుడు? ఆ ఆట తీసేస్తాను. ఇదిగో, నీ ముందే ఫోన్లోంచి తీసేస్తన్నాను.”

“తీసెయ్యకు.”

“ఏటీ?”

“తీసెయ్యొద్దు నాన్నా. ఆడు.”

“నాతో ఆడతావేటే? నిజంగానా?”

“ఆడతాను. మేడ మీద వద్దు, రేపటినుంచి హాల్లో నా ఎదురుగా కూచుని ఆడు. చచ్చిన ప్రతిసారీ నీ మొహం ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ ఊహించుకోవాల్సొచ్చింది.”