గుడారంలో వేడి మిషను

కెనడాలోని ఉత్తర అల్బర్టాలో పునాది తవ్వడానికి గడ్డకట్టిన నేలను కరిగిస్తున్నారు. టార్పాలిన్ గుడారం బయట మేస్త్రీ పనివాణ్ణి ఆపాడు.

“లోపల ఉండాల్సింది వేడినీళ్ల గొట్టాలే కదా? ఆ నీళ్లు కాచే డీజిల్ మిషన్ని కూడా ఎందుకు తోశారు?”

“బయట మైనస్ నలభై అన్నా. అదీ మేమూ కలిసి బిగుసుకుపోతున్నాం.”

“మరి పొగ ఎటు పోతుంది?”

“పొగేం కనబడలేదే. గాలి రాకుండా అంచుల చుట్టూ మంచు కూడా ఎగదోశాం. లోపల హాయిగా ఉంది.”

“తల నొప్పిగా ఉందా?”

“పొద్దుట్నుంచీ. నీకెవరు చెప్పారు?”

“లోపల ఇంకెవరున్నారు?”

“క్లిఫర్డ్ ఒక్కడే. కునుకు తీస్తున్నాడు. పిలిస్తే పలకలేదు. రాత్రి తాగాడేమో, పడుకోనీలే అని గొట్టాల మీది దుప్పటి కప్పి వచ్చా.”