నాంచారమ్మ వాకిట్లో గీత

నాంచారమ్మకి చిన్నకోడలి మీద అనుమానం పుట్టింది బియ్యం దగ్గర అనుకో. ఎసట్లో పోసే బియ్యం ఆ పిల్ల గ్లాసుతో కొలిచి, "నీకింత, నీకింతే, మళ్లీ అడక్కూడదు" అంటా పిల్లకాయల గిన్నెల్లో పోస్తందంట. ఇంటినిండా బస్తాలున్నాయి, ఈ కొలతేందమ్మా? అడిగితే, "యుద్ధంలో రేషన్ అత్తయ్యా, పిల్లలకి సోషల్ పాఠం" అందంట. విమల అని, చదువుకున్న పిల్లేలే. బావగారి పిల్లలూ తన పిల్లలూ అందరూ సోషల్‌లో బోర్లాపడ్డారని, ఎండాకాలం సెలవుల్లో తనే నేర్పుతానని కూర్చుంది. చదివితే ఎక్కదంట, చేస్తే ఎక్కుద్దంట. మర్నాడు కిటికీలకి నల్లగుడ్డలు కట్టింది. విమానాలొచ్చి బాంబులేస్తాయి, దీపం బయటికి కనపడకూడదంట! నాంచారమ్మ నమ్ముద్దా? కొలతెందుకు, ఎవరి తిండెంతో తేల్చుకోడానికి. గుడ్డలెందుకు, లోపల సర్దుకునేది నాకు కనపడకుండా. ఇది వేరుకాపురం పెట్టే ఎత్తే అనుకుందంట. మీరు నవ్వుతారు గానీ, ఆమె భయం ఆమెది. వాళ్లాయనా మరిదీ విడిపోయినప్పుడు ఏమైందంటే, వాళ్లమ్మని సగం నెల ఒకరు, సగం నెల ఒకరు వంతులేసుకున్నారు. ముప్పయ్యొకటో తారీఖు వచ్చిన నెల్లో ఆ రోజు అన్నం ఎవరు పెట్టాలని ఇద్దరూ వాదులాడుకుంటంటే, ఆ ముసల్ది అరుగు మీద కూర్చుని వింటా ఉంది. నాంచారమ్మ అది కళ్లారా చూసిన మనిషి.

అట్టా కాపు కాస్తా కాస్తా, ఒకరోజు పొద్దున దొడ్లో పేడ తీసుకుని వస్తందంట. ఏం చూసింది? వాకిలి నడిమధ్యన, వీధి గుమ్మం కాణ్ణించి రోలు దాకా, ముగ్గుపిండితో తిన్నగా గీత! అటు కొంతమంది పిల్లలు, ఇటు కొంతమంది. మధ్యలో కోడలు నిలబడి బిందె ఇటు, గుండిగ అటు, చెంబు ఇటు, కుంచం అటు అని పంచుతంది. గేదె మాకంటే మాకని పిల్లల కొట్లాట. గోడపక్కన నక్కి వింటంటే, పెద్దోడి కూతురు అడిగిందంట, "పిన్నీ, మరి నాయనమ్మ ఎటు?" అని. పిల్లలు మళ్లీ గేదె కొట్లాటలో పడ్డారు. గేదెకున్న పోటీ నాకు లేకపాయెనే అనుకుందంట నాంచారమ్మ.

పేడతట్ట దబీమని పడేసి, "ఓరి నాయనో! నేను బతికుండగానే పంపకాలు పెట్టార్రో!" అని వీధి అదిరిపోయేట్టు అరిచింది. మిరపకళ్లంలో ఉన్న కొడుకులిద్దరూ ఏమైందో ఏమోనని పరిగెత్తుకొచ్చారు. విమల నోరు తెరిచేలోపే పెద్దోడు వీరరాఘవులు రొప్పుతా, "నీకెవరు చెప్పారమ్మా? కాయలమ్మినాక మేమే చెబుదామనుకున్నాం గదా!" అనేశాడు. చిన్నోడు నాలిక్కరుచుకున్నాడు. విమల మొగుడి వంక తిరిగి, "ఏంది మీరు చెబుదామనుకుంది? నేను చెప్పేది నలభయ్యేడులో దేశాన్ని పంచిన పాఠం! కుర్చీలూ బల్లలూ కూడా ఇట్టాగే పంచుకున్నారంట, ఆ గీత గీసినాయన అంతకుముందు మన దేశం మొహమే చూళ్లేదంట, అది పిల్లలకి చూపిస్తన్నా. మీరేం చేస్తన్నారు?" అంది.

నాంచారమ్మ కోడల్ని ఎగాదిగా చూసి, "నిన్నా తల్లీ నేను అనుమానపడింది!" అందంట. అని, కొడుకుల వైపు తిరిగింది. "మీ గీత ఎవడు గీస్తానన్నాడ్రా?" అంటే, చిన్నోడు మెల్లగా, "పంపకాలు చేసే పెద్దమనిషి ఒకాయన, టౌన్లో ఉంటాడు" అన్నాడు. "ఈ వాకిట్లో ఎప్పుడన్నా అడుగుపెట్టాడా?" లేదంట. "అచ్చం దేశానికి లాగే పిన్నీ!" అని ఎగిరింది మనవరాలు. దానికి పాఠం ఎక్కింది మరి! "సరే, పిల్ల ఇందాక అడిగిందానికి మీరు చెప్పండ్రా. నాయనమ్మ ఎటు?" అంది ముసల్ది. పెద్దోడు చిన్నోణ్ణి చూశాడు, చిన్నోడు గేదెని చూశాడు. ఆమె కళ్లనీళ్లు తుడుచుకుని, పేడనీళ్లు కలిపి, గీత మీద కళ్లాపి కొట్టేసింది.

తర్వాతేమైందంటారా? అప్పట్నించి మూడేళ్ల కాయలు అమ్ముడుపోయినయ్, ఎవడూ పంపకాల మాటెత్తలా. నాంచారమ్మ మాత్రం అనుమానం మానలా. పొద్దున్నే కోడళ్లు ముగ్గేస్తంటే పక్కనే నిలబడుద్దంట. గీత తిన్నగా పోయిందనుకో, "వంచవే, దాన్ని వంచి ఇటు తెచ్చి కలుపు" అంటదంట.