మేనత్త చెప్పాల్సిన పేరు

వికారాబాద్‌లో ఇరవై ఒకటో రోజు తొట్టెల, పాపకు పేరు పెట్టే వేడుక. లోపలి గదిలో బాలింత, తాండూరు నుంచి వచ్చిన ఆమె ఆడబిడ్డ. పొగాకు నమిలి వచ్చిన క్యాన్సర్‌కు ఆడబిడ్డ నాలుక సగం తీసేశారు, ముంజేతి మాంసంతో కొత్తది కట్టారు. మాట ముద్దగా వస్తుంది. కానీ వస్తుంది.

"పిల్లా, చెవిల పేరు నేను చెప్ప. మీ అక్కను చెప్పమను."

"మేనత్తవు నువ్వుండంగ మా అక్క ఎందుకు చెప్తది వదినా?"

"చార్విత అని పెడ్తిరి. నా నోట్ల అది సక్కగ తిరగదు. అందరి ముంగట సిగ్గు."

"సిగ్గు తంబాకు అమ్మెటోళ్లకు ఉండాలె. నీకెందుకు?"

"ఆర్నెల్లు ముక్కు పైపుల జావ పోసిండ్రు. మాట నేర్పే మేడం బడిపిల్లకు నేర్పినట్టు నేర్పింది. ఆమెను తల్సుకోకుండ ఒక్క పూట బువ్వ తిన."

"మరి ఆమె నేర్పింది దాసుకోనీకా?"

"నీ బిడ్డ పేరు ఖరాబైతది, పిల్లా."

"దానికి ఇరవై ఒక్క దినాలు. ఎవల మాట ఎట్లుంటదో దానికేం ఎరుక? నువ్వు ఎట్లంటే గదే దాని పేరు."

"నా ముద్ద మాటనే దాని పేరా, పిల్లా?"

"ఏడ్వకు వదినా. బయట పిలుస్తున్నరు."

"ఏడుస్తలేను. మునుపైతే నా నోటి తంబాకు వాసనకు పిల్లలు మొఖం తిప్పుతుండె. గిప్పుడు గా వాసన లేదు. ఎన్నిసార్లు చెప్పాలె?"

"మూడుసార్లు."

"మూడు నాకు చాలవు. ఇటియ్యి బిడ్డను."