బోర్డు మీది పేరు

కత్తులకు సాన పట్టే కొట్టు. తండ్రి, కొడుకు. కొడుక్కి నిన్ననే కొడుకు పుట్టాడు.

“వద్దంటే వద్దు నాన్నా. ఆ పేరు నాతో ఆఖరు.”

“నాలుగు తరాల పేరురా! మా తాత, మా నాన్న, నేను, నువ్వు. బోర్డు చూడు, ఒక్క అక్షరం మారలేదు.”

“అదే నా ఏడుపు. పుట్టకముందే బోర్డెక్కేశాను. ఇప్పుడు వాణ్ణీ ఎక్కించాలా?”

“అర్థం తెలిస్తే అలా అనవు. తల వంచనివాడు అని.”

“పొద్దున్నుంచి సానరాయి మీద వంచిన తల ఎత్తావా నువ్వు?”

“వెటకారమా? ఆ కత్తెర ఇలా ఇవ్వు.”

“ఇవ్వను. సాయంత్రం ఆస్పత్రిలో పేరు చెప్పాలి. ఇంతకీ ముత్తాతకి ఆ పేరు ఎవరు పెట్టారు?”

“దర్జీ ఆయన వచ్చేస్తాడు, కత్తెర ఇవ్వరా.”

“మాట దాటెయ్యకు. వాళ్ళ నాన్నేనా?”

“కాదు.”

“వాళ్ళమ్మా?”

“ఎవరూ పెట్టలేదురా బాబూ! ఆయన కొట్టు కొనేసరికే బోర్డు మీద ఉంది ఆ పేరు. పాత యజమానిది.”

“ఏంటీ?”

“బోర్డు మార్చే స్తోమత లేదు. వచ్చినవాళ్ళంతా ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. అది నేను కాదండీ అని ఎంతమందికని చెబుతాడు? పలికాడు. పలికీ పలికీ అదే ఖాయమైపోయింది.”

“మరి ఆయన అసలు పేరు?”

“మా నాన్నని అడిగాను. నోరు మూసుకుని రాయి తిప్పమన్నాడు.”

“అంటే ఇన్నాళ్ళూ గాడిద చాకిరీ చేసింది ఎవడి పేరు మీదో! తెలిసి తెలిసి నాకెలా పెట్టావు నాన్నా?”

“పెట్టకూడదనే అనుకున్నా. నువ్వు పుట్టిన రోజు నిచ్చెన వేసుకుని ఎక్కాను, బోర్డు పీకేద్దామని. రెండు మేకులు ఊడదీశాను కూడా.”

“మరి?”

“దిగిపోయాను.”

“ఎందుకు? తాత తిట్టాడా?”

“తాత ఆ రోజు ఊళ్ళోనే లేడు.”

“మరెందుకు? భయమేసిందా?”

“భయమేంట్రా... ఏమోలే, వదిలెయ్.”

“వదలను. నిచ్చెన ఎక్కడుంది? మిగతా మేకులు నేను పీకుతా. నా కొడుకు వాడి పేరుతో వాడు బతుకుతాడు.”

“పెరట్లో ఉంది, పో. నేనేం ఆపను... ఉండుండు, బయట ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు.”

“ఆఁ! వస్తున్నా, వస్తున్నానండీ!”

“అందుకేరా దిగిపోయాను.”